నిర్మానుష్యం

"అత్తా, ఇవాళ నలభై కిలోమీటర్లు తొక్కాను. దారి మొత్తం మీద పదిమంది కూడా ఎదురుపడలేదు. ఎంత హాయిగా ఉందో తెలుసా!"

ఫ్రాన్సులో చదువుకుంటున్న మా మేనకోడలు రెండేళ్ల క్రితం ఒక ఆదివారం ఫోన్లో అన్న మాట ఇది. వెనకాలే ఫోటోలు పంపింది. ఒక పక్క ల్వార్ నది, ఇంకో పక్క ద్రాక్షతోటలు, మధ్యలో సన్నటి దారి, చెట్టుకి ఆనించిన సైకిలు. ఆ నది వెంబడి అట్లాంటిక్ సముద్రందాకా సుమారు 900 కిలోమీటర్ల సైకిలు దారి ఉంది. చాలా చోట్ల కార్లు రావు, వచ్చినా ఒకటీ అరా.

ఆ ఫోటోలు మా అన్నయ్యకి చూపించాను. కూతుర్ని చూసుకుని మురిసిపోయాడు. "మన తమ్మిలేరు పక్కన కూడా ఇలాంటి దారులున్నాయి కదన్నయ్యా, నేనూ ఓసారి సైకిలు మీద ఏలూరుదాకా వెళ్లొస్తాను" అన్నాను. వాడి మొహంలో మురిపెం కాస్తా పోయింది. "నీకేమన్నా మతి పోయిందా? అది నిర్మానుష్యమైన దారి" అన్నాడు.

మనుషులు ఎదురుపడకపోవడం అక్కడ హాయి, ఇక్కడ ప్రమాదం. కూతురికైతే ముచ్చట, చెల్లెలికైతే మతిపోవడం. అన్నయ్య చెడ్డవాడు కాదు. నేను ఇంటర్మీడియట్ పాసైనప్పుడు, డిగ్రీకి ఏలూరు హాస్టలుకి పంపమని నాన్నతో పోట్లాడింది వాడే. అందుకే ఆ మాట నన్ను వదల్లేదు.

మాది చింతలపూడి. అప్పుడు పశ్చిమగోదావరి జిల్లా, 2022 నుంచి ఏలూరు జిల్లా. గోదావరి జిల్లా అనగానే కాలవలూ కొబ్బరిచెట్లూ వరిచేలూ ఊహించుకుంటారు గానీ మాది మెట్ట. మామిడి, జీడిమామిడి, పొగాకు, మొక్కజొన్న. ఇప్పుడైతే ఎటు చూసినా పామాయిల్ తోటలే. మాకున్న ఏరు తమ్మిలేరు. ఖమ్మం జిల్లా వైపు నుంచి వచ్చి, నాగిరెడ్డిగూడెం రిజర్వాయరులో ఆగి, ఏలూరు దగ్గర రెండు పాయలై కొల్లేట్లో కలుస్తుంది. ఏడాదిలో చాలా రోజులు ఇసకా తుంగా తప్ప ఏమీ కనిపించదు. వానొస్తే మాత్రం ఎవరి మాటా వినదు. 2020 అక్టోబరులో ఏలూరు కాలనీల్లోకి వచ్చి కూచుంది.

చిన్నప్పుడు నాకు సైకిలొచ్చు. బస్టాండు పక్క షాపులో గంటకి అర్ధరూపాయి ఇచ్చి అద్దెకి తెచ్చుకునేవాళ్లం. సీటు అందేది కాదు. కడ్డీ కింద నుంచి కాలు దూర్చి, ఒళ్లంతా ఒక పక్కకి వంచి తొక్కేవాళ్లం. మోకాళ్ల నిండా దెబ్బలే. పదమూడో ఏట నేను పెద్దమనిషినయ్యాను. ఆ వారమే షాపాయన "ఇంక అమ్మాయిగారికి సైకిలివ్వనండి, బాగోదు" అని మా నాన్నతో చెప్పాడు. నాన్న తలూపాడు. ఇంట్లో పెద్దమనిషినయ్యాను, రోడ్డు మీద మాత్రం మనిషిని కాకుండా పోయాను. చిత్రమేమిటంటే నేనూ ఏడవలేదు. అలా ఆగిపోవడమే పెద్దరికమనుకున్నాను.

తర్వాత ముప్పై ఏళ్ల లెక్చరర్ ఉద్యోగం బస్సుల్లోనే గడిచింది. క్లాసులో స్త్రీవాదం చెప్పాను. పుదుక్కోట్టై గురించి చెప్పాను. తమిళనాడులోని ఆ జిల్లాలో 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమం చదువుతో పాటు ఆడవాళ్లకి సైకిలు కూడా నేర్పింది. లక్షమందికి పైగా నేర్చుకున్నారని పి. సాయినాథ్ రాశారు. వ్యవసాయ కూలీలు, క్వారీ పనివాళ్లు, నర్సులు సైకిళ్లెక్కారు. 2006లో బీహారు ప్రభుత్వం హైస్కూలు ఆడపిల్లలకి సైకిళ్లిస్తే, తగిన వయసులో హైస్కూల్లో చేరే ఆడపిల్లల సంఖ్య 32 శాతం పెరిగిందని కార్తీక్ మురళీధరన్, నిశిత్ ప్రకాశ్‌ల అధ్యయనం తేల్చిందనీ చెప్పాను. ఇన్ని చెప్పినదాన్ని, నేను మాత్రం సైకిలెక్కలేదు.

రిటైరయ్యాక కొన్నాను. మోకాళ్లకి మంచిదని డాక్టరు చెప్పిందని ఇంట్లో చెప్పాను. సరదా కోసమంటే కుదరదు కదా, ఆడదాని సైకిలుకి ఏదో ఒక రోగం కారణంగా ఉండాలి!

జనవరి నెల, ఇంకా మంచు విడవలేదు. చింతలపూడి నుంచి లింగపాలెం, ధర్మాజీగూడెం, విజయరాయి మీదుగా ఏలూరు వెళ్లాలనుకున్నాను. దాదాపు యాభై కిలోమీటర్లు. బస్సులూ లారీలూ తిరిగే పెద్దరోడ్డు వదిలి, వీలైన చోటల్లా ఏటి వైపు చిన్న దారుల్లోకి దిగాను. మామిడితోటల్లో పూత వాసన. తాటిచెట్ల మొదళ్లలో మంచు. గేదెని తోలుకెళ్తున్న ముసలాయన ఆగి నన్నూ సైకిల్నీ మార్చి మార్చి చూశాడు. ఆ గంటసేపూ నేను మా మేనకోడల్ని. హాయి అంటే ఏమిటో నాకూ తెలిసింది.

తర్వాత పామాయిల్ తోటలొచ్చాయి. రెండు పక్కలా మట్టలు కమ్ముకుని దారి చీకటిగా ఉంది. వెనక మోటారుసైకిలు చప్పుడు. నన్ను దాటలేదు. నేను మెల్లగా వెళ్తే మెల్లగా, జోరుగా వెళ్తే జోరుగా. "ఏంటి మామ్మా, ఎక్కడికి షికారు?" అన్నాడు ఒకడు. ఇద్దరూ నవ్వారు. నా మనవడి వయసుకి కాస్త అటూ ఇటూ ఉంటారు. నోరెండిపోయింది. అరవై దాటాక ఈ భయం ఉండదనుకున్నాను. పదమూడేళ్లప్పుడు ఎక్కడ వదిలానో అక్కడే ఉంది. అన్నయ్య మాటే నిజమైందే అనుకుంటూ తొక్కాను.

తోట మలుపులో చింతచెట్టు కింద ఆరేడుగురు ఆడవాళ్లు కూచుని ఉన్నారు. టిఫిను క్యారేజీలు, కొడవళ్లు, చీర మీద తొడుక్కున్న మగవాళ్ల చొక్కాలు. నేను సైకిలు దిగి వాళ్ల మధ్య కూలబడ్డాను. మోటారుసైకిలు కాసేపు ఆగి, తిరిగి వెళ్లిపోయింది.

ఒకామె నీళ్లసీసా ఇచ్చింది. "ఆళ్లు ఎప్పుడూ అంతేనండి మేడంగారూ. ఊరోళ్లే" అంది.

"ఇలాంటి దారిలో ఎలా వస్తున్నారమ్మా, మనిషన్నవాడు లేడు ఇక్కడ" అన్నాను.

ఆమె ఒక్క క్షణం నా వైపు చూసింది. "మేం లేమాండీ?" అంది.

వెటకారం లేదు, నిజంగానే అడిగింది. ఇరవై ఏళ్లుగా తెల్లారకముందే ఆ దారిన నడుస్తున్నారు వాళ్లు. మొక్కజొన్న కోతకీ, జీడితోటలకీ, పామాయిల్ గెలల పనికీ. నేను సిగ్గుతో తలదించుకున్నాను. నిర్మానుష్యం అన్న మా అన్నయ్య వాళ్లని లెక్కపెట్టలేదు. మనిషన్నవాడు లేడన్న నేనూ లెక్కపెట్టలేదు. మనిషంటే మగవాడని భాష మనకి నేర్పిందని క్లాసులో ఎన్నిసార్లు చెప్పి ఉంటాను! మనిషంటే మన కులపు, మన తరగతి మనిషని కూడా అది నేర్పిందని ఆ చెట్టుకింద తెలిసింది.

"మరి మీకు భయం లేదా?" అని అడిగాను.

"ఎందుకుండదండి? ఒక్కదాన్నే అయితే ఎల్లను. ఐదుగురం పోగయ్యేదాకా ఈ చెట్టుకింద కూచుంటాం. అప్పుడు లేస్తాం."

వాళ్లలో చిన్నామె నా సైకిలు హ్యాండిలు పట్టుకుని బెల్లు మోగించింది. తనకి తొక్కడం వచ్చట. "మాకూ ఉందండి సైకిలు. అది ఆయన పనికెల్తానికి" అంది. ఆమె మాత్రం రోజూ రానూపోనూ ఎనిమిది కిలోమీటర్లు నడుస్తుంది.

ఆ రోజు నేను ఏలూరు చేరలేదు. వాళ్లతో పాటు నడిచి పెద్దరోడ్డెక్కి వెనక్కి వచ్చేశాను. ఆ రాత్రి మా మేనకోడలికి జరిగింది చెప్పాను. అది కాసేపు మాట్లాడలేదు. "అత్తా, ఇక్కడ కాలవగట్ల మీద నేను సైకిలు తొక్కే దారులు ఒకప్పుడు పడవల్ని లాగడానికి వేసినవి. గుర్రాలు కొనలేనివాళ్ల ఇళ్లల్లో ఆడవాళ్లే పట్టీ భుజానికి తగిలించుకుని లాగేవాళ్లు. మ్యూజియంలో ఫోటో చూశాను" అంది. మన ఏలూరు కాలవ మీదా అంతే కదా. పడవకి తాడుకట్టి గట్టు వెంట మనుషులు లాగుతూ నడిస్తే లోపలివాళ్లు బెజవాడ చేరేవారు. ప్రశాంతమైన దారి అని మనం మురిసిపోయే చాలా దారులు ఎవరో బరువు లాగితే పడ్డవే.

మరి ఆ దారి అక్కడ పిల్లకి హాయినెలా ఇస్తోంది? ప్రభుత్వం దాన్ని సైకిళ్ల కోసమని బాగుచేసింది, గుర్తులు పెట్టింది. అంతకన్నా ముఖ్యం, ఆడవాళ్లు అందులో తిరుగుతున్నారు. అక్కడా భయం లేకపోలేదని, చీకటిపడితే తనూ పెద్దరోడ్డే ఎక్కుతానని అదే ఒప్పుకుంది. దారి బాగుంటే ఆడవాళ్లు వస్తారనుకుంటాం, ఆడవాళ్లు వస్తుంటే కూడా దారి బాగుపడుతుంది. ఆ చింతచెట్టు కింద నిలిచిన సూత్రం అదే.

ఆ ఫిబ్రవరిలో ముగ్గురం పోగయ్యాం. నేను, ఒక పాత విద్యార్థిని, ఆమె అత్తగారు. ఏలూరు నుంచి మాదేపల్లి మీదుగా కొల్లేటి లంకల వైపు వెళ్లాం. చేపలచెరువుల గట్లు, ఆకాశం, గూడబాతులు. కొల్లేరు 1999లో అభయారణ్యమైంది, 2006లో చెరువుల గట్లు కొట్టేశారు. ఆ పోరాటం ఇంకా నడుస్తూనే ఉంది. లంకలో ఒక ముసలమ్మ, గట్లు వేయకముందు తాము నీళ్లలో నడిచి చేపలూ గడ్డీ తెచ్చుకునేవాళ్లమనీ, తర్వాత కాపలావాళ్లు గట్టెక్కనివ్వలేదనీ చెప్పింది. ఆ గట్ల మీద నిశ్శబ్దం ఎంత బాగుందో అనుకుంటూ వచ్చిన ముగ్గురం మాట్లాడలేకపోయాం. ఎవర్ని తోలేస్తే వచ్చిన నిశ్శబ్దమో అది!

చింతలపూడిలో ఇప్పుడు నెలకోసారి తొక్కుతున్నాను. ఒంటరిగా కాదు. ఐదున్నరకి చింతచెట్టు దగ్గరికి వెళ్లి కూచుంటాను. వాళ్లు పోగయ్యాక తోట దాటేదాకా సైకిలు నడిపించుకుంటూ వాళ్లతోనే వెళ్తాను. ఆ కాసేపూ సైకిలు చిన్నామెది. తను ముందు తొక్కుకుంటూ వెళ్లి, మలుపులో బెల్లుకొట్టి మా కోసం ఆగుతుంది. మోటారుసైకిలు వాళ్లు ఒకసారి మళ్లీ వచ్చారు. తనే బెల్లుకొట్టి "పక్కకి తప్పుకోండ్రా" అంది. తప్పుకున్నారు. రేపు తప్పుకోకపోవచ్చు, తెలుసు.

అన్నయ్య ఇప్పటికీ జాగ్రత్తలు చెబుతాడు. "ఆ దారిలో ఎవరుంటారే?" అంటాడు. నేను పేర్లు చెబుతాను, ఒక్కొక్కరిదీ.