అత్తయ్యగారి ఐఎన్ఆర్

మా అత్తయ్యగారు విజయవాడ నుంచి న్యూజెర్సీ వచ్చిన రెండో వారంలో జరిగిందిది. తొమ్మిదేళ్ల క్రితం ఆవిడ గుండెలో మైట్రల్ వాల్వు తీసేసి లోహపు వాల్వు పెట్టారు. దాని మీద రక్తం గడ్డకట్టకుండా రోజూ రాత్రి అసిట్రోమ్ మాత్ర వేసుకోవాలి, నెలకోసారి రక్తపరీక్ష చేయించుకోవాలి. ఇక్కడ ఆ పరీక్ష బాధ్యత నాది.

సాయంత్రం రిపోర్టు ఫోన్లోకి వచ్చింది. ప్రోత్రాంబిన్ టైమ్ 32.2 సెకన్లు, ఐఎన్ఆర్ 2.8. రెండిటి పక్కనా ఎర్ర అక్షరాల్లో 'హై'. ఐఎన్ఆర్ 0.9 నుంచి 1.1 దాకా ఉంటే నార్మల్ అని కూడా రాసుంది. విజయవాడ రిపోర్టు తీసి చూస్తే అక్కడ 26.8 సెకన్లే. నెలలో ఇంత పెరిగిందంటే రక్తం మరీ పల్చబడిపోయిందని, లోపలెక్కడైనా రక్తస్రావం అవుతుందేమోనని కాళ్లూ చేతులూ ఆడలేదు. మా ఆయన ఊళ్లో లేరు. క్లినిక్ మూసేసే వేళ దాటింది.

"అత్తయ్యా, ఈ రాత్రికి మాత్ర వేసుకోకండి" అన్నాను.

"ఐఎన్ఆర్ ఎంతొచ్చిందమ్మా?"

చెప్పాను.

"అది నాకు మామూలేగా. మా డాక్టరుగారు అదొక్కటే చూస్తారు" అన్నారు.

నేను బీయస్సీ బయోకెమిస్ట్రీ, ఆవిడ ఎనిమిదో తరగతి. నా మాటే నెగ్గింది.

పొద్దున్నే క్లినిక్‌కి ఫోన్ చేస్తే నర్సు అడిగిన మొదటి ప్రశ్న, "మాత్ర ఎందుకు ఆపారు?" అని. లోహపు మైట్రల్ వాల్వు ఉన్నవాళ్లకి ఐఎన్ఆర్ సాధారణంగా 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలట. అంటే 2.8 సరిగ్గా ఉండాల్సిన చోటే ఉంది. ఆ 'హై' అన్నది ఏ మందూ వాడని మనిషితో పోల్చి కంప్యూటరు వేసిన ముద్ర. దానికి మా అత్తయ్యగారి వాల్వు సంగతి తెలియదు. నాకు తెలిసి కూడా ఆపాను. వాల్వు మీద గడ్డ కడితే అది మెదడుకి వెళ్లి పక్షవాతం రావచ్చు.

మరి సెకన్ల తేడా? ఆ రాత్రి నా పాత పాఠాలన్నీ తవ్వుకున్నాను. నీలం మూత ట్యూబులో సిట్రేట్ ఉంటుంది, అది కాల్షియాన్ని పట్టేసి రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. ల్యాబులో ప్లాస్మా వేరుచేసి, కాల్షియం, థ్రాంబోప్లాస్టిన్ కలిపి ఎన్ని సెకన్లలో గడ్డకడుతుందో చూస్తారు. థ్రాంబోప్లాస్టిన్ కంపెనీకొక రకం. అవే పాలు మా తోడుకి ఒక వేళకి, పక్కింటి తోడుకి ఇంకో వేళకి పేరుకున్నట్టే ఇదీ. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 1983లో ఐఎన్ఆర్ పద్ధతి తెచ్చింది. రోగి సెకన్లని మామూలు మనిషి సెకన్లతో భాగించి, వచ్చిన దానికి ఆ రసాయనం తాలూకు ఐఎస్ఐ అంకెని ఘాతంగా వెయ్యాలి. విజయవాడలో 26.8ని 12.5తో భాగిస్తే 2.14, ఐఎస్ఐ 1.3తో అది 2.7 అయింది. ఇక్కడ 32.2ని 11.5తో భాగిస్తే 2.8, ఐఎస్ఐ 1 కాబట్టి అంతే. సెకన్లు ఏ ల్యాబువి ఆ ల్యాబువే, ఐఎన్ఆర్ ఒక్కటే రెండు ఊళ్లకీ కలుస్తుంది. రెండు రిపోర్టుల్లోనూ అన్నీ అచ్చేసే ఉన్నాయి, నేను చూడలేదంతే.

ఇంకో చిక్కుంది. అసిట్రోమ్ ఇక్కడ అమ్మరు, ఇక్కడ వాడేది వార్ఫరిన్. అసిట్రోమ్ ప్రభావం దానికన్నా త్వరగా తగ్గిపోతుంది, ఒక్క పూట మానినా తేడా కనిపించవచ్చు. పోయినదానికి బదులు రెండు మాత్రలు వెయ్యొద్దని, ఎప్పటిలా ఒక్కటే ఇమ్మని డాక్టరు చెప్పారు. రెండు రోజుల తర్వాత పరీక్షలో 2.3, ఆ పై వారం 2.7. ఆ మధ్య రోజుల్లో ఆవిడ మాట కాస్త తడబడినా నా గుండె జారిపోయేది.

చిగుళ్ల నుంచి రక్తం కారినా, విరేచనం నల్లగా అయినా వెంటనే ఫోన్ చెయ్యమన్నారు, తలకి దెబ్బ తగిలితే నేరుగా ఎమర్జెన్సీకే. రాత్రిళ్లు కూడా ఆ నంబరులో నర్సు దొరుకుతుందట. ఆకుకూరలు మానక్కర్లేదు, వాటిలో విటమిన్ కె ఉంటుంది కాబట్టి వారం వారం ఇంచుమించు ఒకే లెక్కన తినాలి. పప్పులో తోటకూర మళ్లీ మొదలుపెట్టాను.

అత్తయ్యగారికి ఒక నోటుబుక్కుంది, తొమ్మిదేళ్ల ఐఎన్ఆర్‌లన్నీ తేదీలతో సహా అందులో ఉన్నాయి. ఆ రోజు దగ్గర "రాత్రి మాత్ర వేసుకోలేదు" అని రాసుకున్నారు. ఎవరు వద్దన్నారో రాయలేదు.