లోపలి లోపం

కొబ్బరికాయను చెవి దగ్గర పెట్టుకుని ఆడించి చూడడం కోనసీమ వాసులకు చిన్ననాటనే అలవడే విద్య. నీళ్ల చప్పుడు వినిపిస్తే కాయ మంచిదని, నీరింకి లోపలి కొబ్బరి చిప్పను వదిలి గలగలలాడితే కురిడీ అయిందని వారు ఇట్టే గ్రహిస్తారు. కంటికి కనిపించని స్థితిని చెవితో తెలుసుకోవడం అనుభవం ప్రసాదించిన నేర్పు. అయితే నేటి మానవుడు కొంటున్న అనేక వస్తువుల విషయంలో ఈ నేర్పు అక్కరకు రాదు.

కొత్తపేట సమీపంలోని ఒక పల్లెలో దింపు కార్మికుడొకడున్నాడు. చెట్టెక్కి కాయలు దింపడమే అతని జీవనాధారం. కుమార్తె ఇంజనీరింగులో చేరినప్పుడు, దాచుకున్న కూలిడబ్బుకు కొంత అప్పు జోడించి అమలాపురంలో ఒక ల్యాప్‌టాప్ కొన్నాడు. పెట్టె విప్పిననాడు ఆ ఇంట పండుగ వాతావరణం నెలకొంది. నాలుగవనాడు తెరపై నిలువు గీతలు మొలిచాయి. మూతను కాస్త వెనుకకు వంచితే గీతలు పెరిగేవి. ముందుకు తెస్తే తగ్గేవి. సాయంత్రానికి సగం తెర చీకటైంది.

ఉప్పుగాలికి తేమ పట్టిందని ఇరుగుపొరుగువారన్నారు. తండ్రి మాత్రం కాయలు కాచిన తన అరచేతులను చూసుకున్నాడు. “నిన్న నేనే దాన్ని బల్ల మీద నుంచి తీశానమ్మా. మోటు చేతులు కదా, ఎక్కడ నొక్కానో ఏమో!” అన్నాడు. విలువైన వస్తువు చెడినప్పుడు పేదవాడు మొదట అనుమానించేది తననే. వస్తువులోనే దోషముండవచ్చుననే ఆలోచన అతనికి చివరకు గాని రాదు.

కుమార్తె ఎవరినీ నిందించలేదు. ముందుగా లోపమెక్కడుందో తెలుసుకోదలచింది. మీట నొక్కిన మరుక్షణమే, ఆపరేటింగ్ సిస్టమ్ మొదలు కాకముందే గీతలు కనిపిస్తున్నాయి. కనుక దోషం ఆ సాఫ్ట్‌వేర్‌ది కాకపోవచ్చు. తరువాత పక్కింటివారి టీవీకి కేబుల్‌తో కలిపి చూసింది. అక్కడ బొమ్మ స్పష్టంగా వచ్చింది. యంత్రం సక్రమంగానే పనిచేస్తున్నది. దోషం తెరలోనో, తెరకు బొమ్మను చేరవేసే సన్నని తీగల పట్టీలోనో ఉండాలి. ఆమె తేదీలతో సహా ఈ వివరాలను నోటుపుస్తకంలో రాసి, ఫొటోలు తీసి, రసీదును జతపరచింది.

ఈ సహనం ఎంత విలువైనదో చెప్పే ఉదంతం కంప్యూటర్ చరిత్రలో ఒకటుంది. 1994లో అమెరికాలోని లించ్‌బర్గ్ కళాశాల గణితాచార్యుడు థామస్ నైస్లీ కవల ప్రధాన సంఖ్యలపై గణన చేస్తుండగా ఫలితాలు తేడాగా వచ్చాయి. ఆయన నెలల తరబడి ఇతర కారణాలను ఒక్కొక్కటిగా తొలగిస్తూ వచ్చి, దోషం ఇంటెల్ సంస్థవారి పెంటియమ్ చిప్‌లోనే ఉన్నదని తేల్చాడు. అవసరం నిరూపించుకున్న వారికి మాత్రమే చిప్ మార్చి ఇస్తామని సంస్థ మొదట పలికింది. విమర్శలు వెల్లువెత్తగా, అడిగినవారందరికీ మార్చి ఇస్తామని 1994 డిసెంబరు 20న ప్రకటించింది. అందుకు 47 కోట్ల 50 లక్షల డాలర్ల భారాన్ని లెక్కలలో చూపవలసి వచ్చింది.

తండ్రీకూతుళ్లు అమలాపురం వెళ్లారు. దుకాణంలోని ఉద్యోగి, “కింద పడేసుంటారమ్మా, వారంటీ వర్తించదు” అన్నాడు. తండ్రి తల వంచుకున్నాడు. కుమార్తె స్వరం పెంచలేదు. “పడితే ఎక్కడో ఒకచోట దెబ్బ కనిపించాలి కదండీ. మీరే చూడండి. అయినా అదే కారణమంటే, ఆ మాట కాగితం మీద రాసివ్వండి” అన్నది. నోటుపుస్తకం ముందుంచింది. ఉద్యోగి ఒక్కక్షణం ఆగి, రాయడానికి సిద్ధపడక, ల్యాప్‌టాప్‌ను సర్వీసు కేంద్రానికి పంపడానికి అంగీకరించాడు.

ఆమె అడిగినది దయ కాదు, హక్కు. 1986 నాటి చట్టం స్థానంలో వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం, 2019, 2020 జూలై 20 నుంచి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం కొనుగోలుదారు తాను నివసించే ప్రాంతపు జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. సాధారణంగా రెండేళ్లలోపు చేయాలి. వస్తువుకు చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయల లోపైతే రుసుము లేదు. 1915 నంబరుకు ఫోను చేసి సలహా పొందవచ్చు. అయితే ఏ చట్టమైనా ఆధారాలు భద్రపరచుకున్నవారికే త్వరగా తోడ్పడుతుంది.

పది రోజులకు ల్యాప్‌టాప్ తిరిగి వచ్చింది. మడతబందు దగ్గర తీగల పట్టీ తయారీలోనే సరిగా బిగింపబడలేదని, దానిని ఉచితంగా మార్చామని సర్వీసు కాగితంలో రాసి ఉంది. కుమార్తె ఆ వాక్యాన్ని చదివి వినిపించింది. తండ్రి మరొకసారి చదవమన్నాడు.

“అయితే నా చేతిది కాదన్నమాట తప్పు!” అన్నాడు.

ఆ కాగితాన్ని మడిచి, ఇంటిపన్ను రసీదులు దాచే రేకుపెట్టెలో భద్రపరిచాడు. మరునాడు తెల్లవారుజామునే ఎప్పటివలె దింపుకు బయలుదేరాడు.