చుక్క చెవులు

మా అమ్మ జన్మలో గుర్రం ఎక్కలేదు. కానీ గుర్రం గురించి నాకు తెలిసిన నాలుగు ముక్కలూ ఆమె దగ్గర్నుంచి వచ్చినవే. ఈ సంగతి నాకు యాభై ఏడేళ్ళు వచ్చాక, హైదరాబాదు శివార్లలో స్వారీ నేర్పే ఒకచోట, జీను మీద వణుకుతూ కూర్చున్నప్పుడు అర్థమైంది.

మా నాన్న రాజమండ్రిలో జట్కా తోలేవాడు. (2015 నుంచి రాజమహేంద్రవరం అంటున్నారు. జట్కా స్టాండులో మాత్రం ఎవరూ అంత పొడుగు పేరు పలకలేదు.) గోదావరి స్టేషన్లో రైలు దిగినవాళ్ళని కోటగుమ్మానికో, ఇన్నీసుపేటకో, కోటిపల్లి బస్టాండుకో చేర్చేవాడు. ‘ముందుకు జరగండమ్మా, మీరు కొంచెం వెనక్కి బాబూ’ అంటూ జనాన్ని సర్దేవాడు. వెనక బరువెక్కువైతే బండి కర్రలు పైకి లేచి, పొట్ట కింది పట్టీ గుర్రాన్ని లాగేస్తుంది. ముందెక్కువైతే భారమంతా దాని వీపు మీదే. ఆ తూకం నాన్నకి బాగా తెలుసు. తెలియదంటే అబద్ధమవుతుంది.

గుర్రం పేరు చుక్క. ఆడగుర్రం, నుదుటి మీద తెల్లమచ్చ. ఊళ్ళో అందరికీ అది నాన్న గుర్రమే. కానీ తెల్లారకుండా లేచి లద్దె ఎత్తేది అమ్మ. ఉలవలు ఉడకేసేది అమ్మ. ఏటిగట్టు మీద గడ్డి కోసి మోపు నెత్తిన పెట్టుకొచ్చేదీ, రాత్రి బండి విప్పాక ఒళ్ళంతా గడ్డితో రుద్దేదీ, డెక్కల్లో ఇరుక్కున్న రాళ్ళు తీసేదీ అమ్మే. 1981 జనాభా లెక్కలకి వచ్చిన మేష్టారు ‘మీ ఆవిడ ఏం పని చేస్తుంది?’ అనడిగితే నాన్న ‘ఇంట్లోనే ఉంటదండి’ అన్నాడు. ఆయన అదే రాసుకున్నాడు. అమ్మ చేతిలో అప్పుడు ఉలవల గిన్నె ఉంది.

చుక్క దగ్గరకి అమ్మ ఎప్పుడూ ఎదురుగా వెళ్ళేది కాదు, వెనకనుంచీ వెళ్ళేది కాదు. పక్కనుంచి, భుజం వైపుగా, ఏదో ఒకటి మాట్లాడుతూ వెళ్ళేది. గుర్రానికి కళ్ళు పక్కలకి ఉంటాయి కాబట్టి దాదాపు చుట్టూ కనిపిస్తుందనీ, సరిగ్గా ముక్కుకెదురుగా, తోక వెనకాల మాత్రం కనపడదనీ నేను చాలా ఏళ్ళ తర్వాత చదివాను. అమ్మకి ఎవరూ చెప్పలేదు. మెడ వీపుతో కలిసే చోట వేళ్ళతో గోకుతూ ఉండేది. గుర్రాలు ఒకదానినొకటి పళ్ళతో నిమురుకునేది కూడా అక్కడే. అక్కడ గోకితే గుర్రం గుండె కొట్టుకునే వేగం తగ్గుతుందని కొలిచి మరీ చెప్పారు శాస్త్రవేత్తలు. చుక్క పై పెదవి ముందుకు సాగి వణికేది. అమ్మ నవ్వేది. అమ్మ నవ్వడం నేను చూసిన సందర్భాలు తక్కువ, అందులో ఎక్కువ ఆ పాకలోవే.

‘గుర్రానికీ పెళ్ళానికీ భయం ఉండాలి’ అనేవాడు నాన్న. చెర్నాకోల గుమ్మం పక్కన మేకుకి వేలాడేది. అది బయట ఒకరికి, లోపల ఒకరికి. నాన్న అడుగుల చప్పుడు వినగానే చుక్క చెవులు వెనక్కి వాలి మెడకి అంటుకుపోయేవి. నేను బడి నుంచి రాగానే ముందు చుక్క చెవులు చూసేదాన్ని, ఇంట్లోకి వెళ్ళొచ్చా లేదా అని.

1979 పుష్కరాలు. నాకు పన్నెండేళ్ళు. పన్నెండు రోజులూ బేరాలే బేరాలు. నాన్న తెల్లవారుజామున బండి కడితే అర్ధరాత్రికి విప్పేవాడు. ఏడోరోజుకి చుక్క భుజం ఒరుసుకుపోయి పుండు పడింది. అమ్మ పసుపూ వేపనూనె రాసి, తెల్లారి బండి కట్టబోతుంటే అడ్డం నిలబడింది.

‘ఇయ్యాల దీన్ని కట్టొద్దయ్యా. భుజం ఎలాగైపోయిందో చూడు.’

‘తప్పుకో.’

అమ్మ తప్పుకోలేదు. తన కోసం ఏనాడూ ఎదురు నిలబడని మనిషి. చుక్క తల రెండు చేతుల్తో పట్టుకుని నిలబడిపోయింది. చెర్నాకోల ఒకసారి లేచింది, రెండోసారి లేచింది. మొదటి దెబ్బ అమ్మ వీపు మీద. రెండోది ఎవరికి తగిలిందో తెలీదు. చుక్క ముందుకాళ్ళు గాల్లోకి లేపింది. నాన్న వెనక్కి పడ్డాడు. పక్కింటివాళ్ళు వచ్చారు. అమ్మ చెయ్యి వదల్లేదు, దానికి ఏదో చెబుతూనే ఉంది, అది కాళ్ళు దించేదాకా.

పుష్కరాల్లో ఒక రోజు బేరం పోయిందని నాన్న బతికున్నంత కాలం చెప్పుకున్నాడు. అమ్మ వీపు సంగతి ఎవరూ చెప్పుకోలేదు. ఆయన మారాడని రాయలేను. ఆ ఒక్కరోజు మాత్రం ఓడిపోయాడు.

నాకు చుక్క నెక్కాలని ఉండేది. ‘ఆడపిల్ల కాళ్ళు చాపుకుని గుర్రమెక్కడమేంటే’ అన్నది నాన్న కాదు, అమ్మ. రుద్రమదేవి ఎక్కలేదా అన్నాను. గోదావరి అవతల నిడదవోలు చాళుక్యుల కోడలని బడిలో చెప్పారు మరి. ‘రాణులకి చెల్లుద్ది’ అంది. యూరప్‌లో రాణులకీ అంతంతే చెల్లిందని తర్వాత తెలిసింది. రెండు కాళ్ళూ ఒకే పక్కకి వేసి కూర్చునే జీను ఆడవాళ్ళ కోసమే తయారుచేశారు.

ఆటోలు పెరిగాక నాన్న చుక్కని అమ్మేశాడు. అమ్మకి చెప్పలేదు. అమ్మ గడ్డిమోపుతో వచ్చి, మోపు దించి, పాకలోకి చూసింది.

ఇప్పుడు స్వారీ నేర్పుతున్న అమ్మాయికి పాతికేళ్ళుండవు. ‘ఆంటీ, పగ్గాలు గుంజకండి. ఊపిరి వదలండి. మీరు బిగుసుకుపోతే అదీ బిగుసుకుపోతుంది’ అంటుంది. నిజమే. నా తొడలు బిగిస్తే దాని వీపు గట్టిపడుతుంది. నేను ఊపిరి వదిలితే అది తల దించుతుంది. దీన్ని వాళ్ళు ‘బాండింగ్’ అంటారు. మన భాషలో బంధం. కట్టెయ్యడాన్నీ, ప్రేమనీ ఒకే మాటతో చెప్పుకునే భాష మనది. కళ్ళెం దాని నోట్లో ఉంది, పగ్గాలు నా చేతిలో ఉన్నాయి, దీన్ని స్నేహం అనుకోవడానికి నాకు ఇంకా నోరు రాదు. ‘మా ఆవిడకి నేనంటే ప్రాణం’ అని నాన్న కూడా స్టాండులో చెప్పేవాడట.

కానీ లిస్ హార్టెల్ గురించి చదివినప్పుడు కొంచెం మెత్తబడ్డాను. డెన్మార్క్ ఆవిడ. 1944లో, కడుపుతో ఉండగా పోలియో వచ్చి మోకాళ్ళ కింద చచ్చుబడిపోయాయి. డ్రెసాజ్‌లో ఆడవాళ్ళకి మొట్టమొదటిసారి ప్రవేశం ఇచ్చిన 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో మగవాళ్ళతో పోటీపడి వెండి పతకం తెచ్చుకుంది. గుర్రం పేరు జూబిలీ. ఎక్కడానికీ దిగడానికీ మనిషి సాయం కావాలి. మడమతో పొడిచి నడిపించే వీలు లేదు. ఒంటి బరువు అటూ ఇటూ మార్చడంతోనే ఇద్దరూ మాట్లాడుకున్నారు.

2023లో హాంగ్జౌ ఆసియా క్రీడల్లో మన డ్రెసాజ్ జట్టుకి బంగారు పతకం వచ్చింది. నలుగురిలో ఇద్దరు అమ్మాయిలు, సుదీప్తి హజేలా, దివ్యకృతి సింగ్. ఈ ఆటలో ఆడవాళ్ళకి వేరే పోటీ లేదు. టీవీ ముందు చప్పట్లు కొట్టాను. ఆ వెంటనే, ఆ గుర్రాల లద్దె ఎవరెత్తుతారో అనుకున్నాను. ఈ బుద్ధి పోదు నాకు.

స్వారీకి అరగంట ముందే వెళ్ళి గుర్రాన్ని నేనే తోముతానని అడిగాను. ‘మనుషులున్నారు మేడమ్’ అన్నారు. అయినా వెళ్తున్నాను. అక్కడ పనిచేసే ఒకావిడ మొదట్లో నన్ను అనుమానంగా చూసింది, ఇప్పుడు బ్రష్ ఇస్తోంది. నేను పక్కనుంచి, భుజం వైపుగా వెళ్తాను. ఏదో ఒకటి మాట్లాడతాను, అమ్మలాగే. మెడ కింద గోకితే గుర్రం ఒక చెవి నావైపు తిప్పుతుంది. రెండో చెవి, బయట గడ్డి దించుతున్న ఆవిడ వైపు ఉంటుంది.