కుండీ అడుగున నీరు

ఉద్యోగవిరమణ చేసినా, కనిపించినవారికి సలహాలు చెప్పే అలవాటు వైద్యులను విడిచిపెట్టదు. నేడు సలహాతో పాటు నేను చేసిన పొరపాటును కూడా చెప్పవలసి ఉన్నది.

రాజమహేంద్రవరములో మా ఇంటి మేడ మీద కొన్నేళ్ళుగా కూరగాయలు పెంచుతున్నాము. కడియము, కడియపులంక నర్సరీలు దగ్గరే కనుక నారుకు కొదువ లేదు. వంగ, మిరప, టమాటా, గోంగూర, తోటకూర, బచ్చలి వేసుకున్నాము. రసాయనపు ఎరువులు, పురుగుమందులు వాడరాదని నియమము పెట్టుకున్నాము. ఇబ్బంది అంతా నీటితోనే వచ్చింది. డెల్టాలో కాలువలు కట్టివేసే వేసవి రోజులలో, ముఖ్యముగా రోహిణీ కార్తెలో, ఉదయము పోసిన నీరు మధ్యాహ్నానికి ఆవిరైపోయేది. రెండు పూటలా బకెట్లు మోయటానికి నా మోకాళ్ళు ఒప్పుకొనలేదు. ఒక వేసవిలో అయిదు రోజులు మా అమ్మాయి ఇంటికి హైదరాబాదు వెళ్ళి వచ్చేసరికి సగము మొక్కలు ఎండిపోయి ఉన్నాయి.

అప్పుడు తమంతట తామే నీటిని పీల్చుకునే కుండీలను తయారు చేశాను. ఇందులోని సూత్రము మనకు కొత్తది కాదు. ప్రమిదలోని వత్తి నూనెను పైకి పీల్చుకొన్నట్లే, కుండీలోని మట్టి అడుగున నిలువ ఉన్న నీటిని సన్నని రంధ్రముల ద్వారా పైకి లాగుకుంటుంది. దీనిని కేశనాళికా చర్య అంటారు. వేళ్ళు ఎంత నీరు వాడుకుంటే అంత నీరు పైకి వస్తుంది. మట్టికుండను నేలలో పాతి, నీరు నింపి, చుట్టూ పాదులు పెట్టే పద్ధతి సుమారు రెండువేల సంవత్సరాల క్రిందటి చైనా వ్యవసాయ గ్రంథములో ఉన్నది.

నేను చేసినది చాలా సులభము. ఇరవై లీటర్ల ప్లాస్టిక్ బకెట్లు రెండు తీసుకుని ఒక దానిలో మరొకటి దింపాను. పై బకెట్టు అడుగున రంధ్రము చేసి, చిల్లులున్న చిన్న డబ్బాను దానిలో బిగించాను. డబ్బా నిండా ఉన్న మట్టి క్రింది నీటిలో మునిగి వత్తి వలె పనిచేస్తుంది. నీరు పోయటానికి పై నుండి అడుగు వరకు ఒక పి.వి.సి. గొట్టము పెట్టాను. నీరు ఎక్కువైతే బయటకు పోవటానికి, వేళ్ళకు గాలి ఆడటానికి, క్రింది బకెట్టు ప్రక్కన నీటిమట్టము వద్ద ఒక రంధ్రము చేశాను. మట్టి మిశ్రమానికి కోనసీమ కొబ్బరిపొట్టును రెండు మూడు సార్లు నీటిలో కడిగి ఉప్పు పోగొట్టి, వర్మీకంపోస్టు, కొద్దిగా వేపపిండి కలిపాను. గోదావరి ఒండ్రు పొలానికి బంగారమే కాని ఈ కుండీకి పనికిరాదు. అది గట్టిగా సర్దుకుని వేళ్ళకు గాలి అందనివ్వదు.

ఆ వేసవిలో వంగ విరగకాసింది. అయిదారు రోజులకొకసారి నీరు పోస్తే చాలినది. చూడవచ్చిన మిత్రులందరికీ గర్వముగా చూపించాను. రోజూ ప్రతి మొక్క వద్ద ఆగి చూసే అలవాటు మాత్రము నాకు తెలియకుండానే తప్పిపోయింది.

వానలు మొదలైన తరువాత ప్రక్క ఇంటి పదేళ్ళ అమ్మాయికి జ్వరము వచ్చింది. తల నొప్పి, కళ్ళ వెనుక నొప్పి, ఒళ్ళంతా నొప్పులు. పరీక్షలో డెంగీ అని తేలింది. నాలుగవ రోజున జ్వరము తగ్గినదని ఇంటివారు సంతోషించారు. నేను సంతోషించలేకపోయాను. ఆ సాయంత్రము ఆమె కడుపునొప్పి అన్నది, ఆగకుండా వాంతులు చేసుకున్నది, నీరసముగా పడుకున్నది. వెంటనే ఆసుపత్రిలో చేర్పించమన్నాను. సిర ద్వారా ద్రవములు ఇచ్చి, రాత్రంతా నాడి, రక్తపోటు చూస్తూ కాపాడారు. కొద్ది రోజులకు ఇంటికి వచ్చింది.

ఆ వారములోనే మా వీధికి ఆశా కార్యకర్త వచ్చింది. మేడ మీదకు వచ్చి, పూలకుండీల పళ్ళెములు చూసి, నా బకెట్ల వద్ద ఆగింది. గొట్టములోకి టార్చి వేసి చాలాసేపు చూసింది.

"డాక్టరుగారండీ, మీరోసారి చూడండి. లోపల పురుగులాడుతున్నాయండి" అన్నది.

వంగి చూశాను. గొట్టము అడుగున వెలుతురులో దోమపిల్లలు మెలికలు తిరుగుతున్నాయి. పన్నెండు బకెట్లలో తొమ్మిదింటిలో ఉన్నాయి. ఉద్యోగమున్నంత కాలము ఊరూరా తిరిగి పాత టైర్లు, కొబ్బరి చిప్పలు, కూలర్లలో నీరు పారబోయమని చెప్పినవాడిని నేను. 1897లో రోనాల్డ్ రాస్ సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుగొన్న కథను పిల్లలకు ఎన్నో సార్లు చెప్పినవాడిని. నా కుండీ అడుగున నిలిచినది కూడా నీరేనని నాకు తోచలేదు.

డెంగీని వ్యాపింపజేసే ఈడిస్ దోమ మురుగు కన్న ఇళ్ళలో నిలువ ఉన్న మంచినీటినే ఎక్కువగా ఎంచుకుంటుంది. నీటిమట్టానికి కొద్దిగా పైన తడి గోడకు గుడ్లు అంటిస్తుంది. నీరు ఎండినా ఆ గుడ్లు కొన్ని నెలలు బ్రతికి ఉంటాయి. మరల నీరు తగిలితే పొదుగుతాయి. అంటే నీరు తగ్గిన ప్రతిసారీ బకెట్టు నింపి ఆ గుడ్లను తడిపినవాడిని నేనే. గుడ్డు దోమ కావటానికి వారము నుండి పది రోజులు చాలును. ఈ దోమ సాధారణముగా పుట్టిన చోటికి వంద, రెండు వందల మీటర్ల లోపే తిరుగుతుంది. ప్రక్క ఇల్లు నా మేడకు పది అడుగుల దూరము.

ఆ బిడ్డను కుట్టిన దోమ నా బకెట్టులోనే పుట్టినదని ఎవరూ నిరూపించలేరు. కాదని నేనూ నిరూపించలేను. ఆ సాయంత్రమే వెళ్ళి ఆమె తండ్రికి ఉన్నది ఉన్నట్లు చెప్పాను. ఆయన కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, "పదండి డాక్టరుగారూ, మా పంపు దగ్గర డ్రమ్ములు కూడా ఓసారి చూద్దాం" అని లేచారు. వాటిలోనూ ఉన్నాయి.

కుండీలను నేను పారవేయలేదు, సరిచేశాను. అటువంటివి పెట్టుకున్నవారు ఈ విషయములను పాటించవలెను.

నీరు పోసే గొట్టానికి బిగుతైన మూత ఉండవలెను. నీరు పొంగిపోయే రంధ్రానికి దోమతెర గుడ్డ అంటించవలెను. రెండు బకెట్ల అంచుల నడుమ సందును కూడా గుడ్డతో మూయవలెను. దోమకు ఆ సందు చాలును.

జీవామృతము, పేడనీరు వంటివి అడుగు నీటిలో పోయరాదు. కుళ్ళిన సేంద్రియ పదార్థమున్న నీరు వాసన వేయటమే కాక గుడ్లు పెట్టే దోమలను ఆకర్షిస్తుంది. ఎరువును పై మట్టిలోనే కలుపవలెను, అడుగున మంచినీరే ఉండవలెను.

వారానికొకసారి గొట్టములో టార్చి వేసి చూడవలెను. మన రాష్ట్రములో శుక్రవారమును డ్రై డేగా పాటించమంటారు. దోమ ఎదగటానికి పట్టే కాలము కన్న ఆ గడువు తక్కువ. లార్వా కనిపిస్తే నీటిని ఎండ పడే పొడినేల మీద పారబోయవలెను, మురుగుకాలువలో కాదు. పంట తీసిన తరువాత బకెట్టు లోపలి గోడను బ్రష్షుతో గట్టిగా రుద్ది కడుగవలెను, ఆరబెట్టినంత మాత్రాన గుడ్లు చావవు.

ఇక జ్వరము వచ్చినవారికి ఒక మాట. డెంగీ అనుమానము ఉన్నపుడు పారాసిటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్ వంటి నొప్పి మందులు వాడరాదు, వాటి వలన రక్తస్రావము కలుగవచ్చును. ద్రవములు బాగా త్రాగవలెను. జ్వరము తగ్గే రోజులలోనే ప్రమాదము ఎక్కువ. తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుండి రక్తము, మగత, మూత్రము తగ్గటము కనిపిస్తే రక్తఫలకముల లెక్క కొరకు ఎదురుచూడకుండా ఆసుపత్రికి వెళ్ళవలెను.

ఇప్పుడు శుక్రవారము సాయంత్రము బడి నుండి రాగానే ప్రక్క ఇంటి అమ్మాయి టార్చి తీసుకుని మా మేడ ఎక్కుతుంది. పన్నెండు గొట్టముల మూతలు తీసి చూసి, "ఏమీ లేవు తాతగారూ" అని చెప్పి, వెళ్ళేటప్పుడు రెండు వంకాయలు కోసుకుపోతుంది. పోయిన వారము ఒక మూత సరిగా బిగించలేదని నన్ను కోప్పడింది. మీ మేడ మీద కుండీలు ఉంటే, ఈ శుక్రవారము మీరూ ఒకసారి టార్చి వేసి చూడండి.