అత్తమ్మ బొంత, నా దుప్పటి

మొన్న ఎండాకాలంలో మా పెద్దాడబిడ్డ కూతురికి బాబు పుట్టాడు. ఇరవై ఒకటో రోజు తొట్టెల అని ఫోను రాగానే నేను దారం ఉండలు తీశాను. ఎవరింట్లో ఏ శుభకార్యమైనా నేను కొక్కెం పట్టుకుని కూర్చుంటానని మా వాళ్లందరికీ తెలుసు. రాఖీ పండుగకు తమ్ముళ్లకు క్రోషె రాఖీలు, గుమ్మాలకు తోరణాలు, చిన్నపిల్లలకు టోపీలు అల్లుతూనే ఉంటాను. ఒకప్పుడు టీవీకి, ఫ్రిజ్ హ్యాండిల్‌కి కూడా తొడుగులు అల్లాను. గోడకు తగిలించే టీవీలు వచ్చి ఆ పని తప్పించాయి, మంచిదే అయింది.

ఈ విద్య నేర్చుకుంది మహబూబ్‌నగర్‌లో, ఇంటర్ పరీక్షలు రాసిన ఎండాకాలం, పక్కింటి టీచరమ్మ దగ్గర. ఆ తర్వాత బి.ఏ.లో తెలుగు చదివేటప్పుడు ఒక సంగతి గమనించి తెగ ముచ్చట పడ్డాను. మనం జడ అల్లుతాం, బుట్ట అల్లుతాం, నులక మంచం అల్లుతాం, పద్యం కూడా అల్లుతాం. లేనిపోని మాటలైతే ఇంకా బాగా అల్లుతాం. క్రోషె అంటే ఫ్రెంచి భాషలో చిన్న కొక్కెం అట. పనిముట్టు పేరే పనికి వచ్చింది. ఒక కొక్కెం, ఒక దారం, ఒక ముడిలోంచి ఇంకో ముడి లాగడం. ఉన్నదంతా ఇంతే.

బాబుకు దుప్పటి అల్లాలనుకున్నాను. ప్రకాశం బజార్‌కు వెళ్లి తెలుపు, లేత పసుపు రంగుల్లో వంద గ్రాముల ఉండలు అయిదు తెచ్చుకున్నాను. ఆరంగుళాల చదరాలు 30. వరుసకు అయిదు చొప్పున ఆరు వరుసలు. ఒక్కో చదరానికి ముప్పావు గంట పట్టేది. అంటే చదరాలకే 22 గంటల పైన. వాటిని కలపడం, చుట్టూ అంచు వేయడం మరో మూడు మధ్యాహ్నాలు. డిజైను మాత్రం గవ్వల్లా విచ్చుకునేది ఎంచుకున్నాను. మధ్యమధ్య చిల్లులు వస్తేనే దానికి అందం.

అత్తమ్మ మంచం మీద కూర్చుని రోజూ చూసేది. ఒకరోజు ఒక చదరం చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "గిన్ని బొక్కలెందుకు పెట్టినవ్ బిడ్డా? శిన్న పిలగాడు, ఏలు ఇరుకుతది" అంది. "ఇది డిజైన్ అత్తమ్మా" అన్నాను. ఇంకేం మాట్లాడలేదు ఆమె.

తొట్టెల రోజు వెండి మొలతాడు, ఉంగరాలు, రంగు కాగితాలు చుట్టిన డబ్బాల మధ్య నా దుప్పటి పెట్టాను. బాబు నాయనమ్మ వైపు ఒకావిడ విప్పి చూసి, "మంచిగుంది. ఇంట్ల అల్లిందేనా? అయితే పైసలేం ఖర్చు గాలే" అంది. ఆవిడ తప్పుగా అనలేదు, మెచ్చుకుంటున్నాననుకునే అంది. నాకు మాత్రం అన్నం సయించలేదు.

ఇంటికొచ్చి మా ఆయనతో చెప్పుకుంటే, ఆయన ఫోను తీసి 350 రూపాయలకు అమ్ముతున్న క్రోషె సంచి చూపించారు. "గింత తక్కువకే దొరుకుతున్నయ్. నువ్వంటే ఖాళీగుంటవ్, పొద్దుపోతది" అన్నారు. ఓదార్చడమే ఆయన ఉద్దేశం. అల్లిక బట్టలు మిషన్ల మీద ఎన్ని రకాలైనా వస్తాయి గానీ, కొక్కెంతో ముడి వెనుక ముడి లాగే అసలు క్రోషెను ఫ్యాక్టరీల్లో మిషన్లు చేయవు. ఆ సంచి నిజంగా క్రోషె అయితే ఎక్కడో ఒక మనిషి చేత్తో అల్లిందే. అందులో దారం ఖర్చు, దుకాణం లాభం పోగా ఆ మనిషికి ఏం మిగిలి ఉంటుంది?

ఆ రాత్రి నిద్ర పట్టక నర్సాపురం లేసు గురించి చదివాను. పశ్చిమ గోదావరిలో 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన క్రోషె అల్లిక అక్కడి ఆడవాళ్ల చేతుల మీదుగా విదేశాలకు వెళ్లింది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మన పోచంపల్లి, గద్వాల, నారాయణపేట చీరలకు ఉన్నట్టే. మరియా మీస్ అనే జర్మన్ సామాజికవేత్త ఆ లేసు అల్లేవాళ్ల మీద పరిశోధన చేసి 1982లో ఒక పుస్తకం తెచ్చింది. ఆమె చెప్పింది విని లేచి కూర్చున్నాను. వాళ్లు ఇంటి చాకిరీ చేసుకుంటూ రోజుకు ఆరేడు గంటలు లేసు అల్లేవారట. అయినా వాళ్లను పనివాళ్లు అనలేదు. ఇంట్లో ఉండే ఆడవాళ్లు, ఖాళీ సమయంలో ఏదో అల్లుకుంటున్నారు అన్నారు. అలా అన్నందువల్లే కూలి అంత తక్కువ ఇవ్వడం కుదిరిందని ఆమె వాదన. నేను అమ్ముకోను, ఇష్టంగా ఇస్తాను. నా సంగతి వేరు. అయినా ఆ 'ఖాళీ' అన్న మాట దగ్గర ఆగిపోయాను.

రెండు వారాల తర్వాత బాబును చూడ్డానికి వెళ్తే దుప్పటి కూలర్ మీద కప్పి ఉంది. నా మొహం చూసి మేనకోడలు, "అత్తా, ఏమనుకోకు. నిజంగనే ఏలు ఇరికింది. ఏడ్చి ఏడ్చి ఎర్రగైండు. పైగా ఈ ఎండలకు ఊలు ఎట్ల కప్పాలె?" అంది. ఒక్క మాట అనడానికి లేదు. నల్లగొండ ఎండలో పసిగుడ్డుకు ఊలు దుప్పటి అల్లిన తెలివి నాది. (మీరెవరైనా పసిపిల్లలకు అల్లాలనుకుంటే కాటన్ దారం తీసుకోండి, చిల్లుల్లేని దగ్గరి అల్లిక వేయండి. టోపీలకు గుండీలు, ఊలు బంతులు కుట్టకండి. ఊడితే నోట్లో పెట్టుకుంటారు.)

ఇంటికి రాగానే అత్తమ్మ అడిగింది. "మన పెద్దోని బొంత ఏడుంది? మెత్తగుంటది, అది పంపకపోయినవ్?"

నేను నోరు మెదపలేదు. ఆ బొంత స్టోర్‌రూమ్‌లో బియ్యం బస్తాల కింద ఉంది. అంతకు ముందు కొన్నేళ్లు ఇన్వర్టర్ బ్యాటరీ కింద ఉంది. రెండు చోట్లా వేసింది నేనే. మా పెద్దబ్బాయి పుట్టినప్పుడు, చూడ్డానికి వచ్చే వాళ్ల ముందు పాత చీరల బొంత నామోషీ అనిపించి, ఎలుగుబంటి బొమ్మ ఉన్న దుకాణం దుప్పటి కొనిపించుకున్నాను. డిగ్రీ చదివిన కోడలిని కదా.

బస్తాలు జరిపి బొంత తీసి, దులిపి, రెండు నీళ్లు ఉతికి ఎండేశాను. ఆరాక పరిచి చూస్తే పైన అత్తమ్మ ఆకుపచ్చ నేత చీర, లోపల మామయ్య ధోతులు, ఒక మూలన నేను పెళ్లయిన కొత్తలో కట్టి చింపేసిన గళ్ల చీర ముక్క. ఆ ముక్కను నేను అప్పట్లో ఇల్లు తుడిచే గుడ్డల్లో పడేశాననుకుంటాను. ఆమె ఎప్పుడు ఏరి పెట్టుకుందో. కుట్లు లెక్కపెట్టాను. జానకు 38. వరుసలు అరవై దాకా లెక్కపెట్టి ఆపేశాను.

"ఎన్ని రోజులు కుట్టినవ్ అత్తమ్మా?"

"ఎవలు లెక్కవెట్టిండ్రు? నాట్లయినంక మొదలువెట్టిన. నీకు నొప్పులొచ్చే యాల్లకు అయిపోయింది." బొంత మీద చెయ్యి వేసి నిమిరి, మామూలుగానే అంది, "నువ్వు కప్పలే. నాకెర్కనే."

ఇరవై ఏళ్లు ఒక్క మాట అనలేదు. నాకు ఒక్క తొట్టెలకే అన్నం సయించలేదు.

ఒక మూల ఎలుక కొట్టింది. అది కుట్టాకే బాబుకు పంపాలంది. చుట్టూ కాటన్ దారంతో క్రోషె అంచు వేయనా అని అడిగితే, "వద్దు, గీసుకపోతది" అంది. ఈసారి వాదించలేదు.

ఆమెకు చూపు ఆనదు, సూదిలో దారం ఎక్కించుకోలేదు. గంటకోసారి నన్ను పిలవడం ఇష్టం ఉండదు. అందుకని పొద్దున టిఫిన్ పెట్టే ముందే పది సూదులకు దారం ఎక్కించి ఆమె దిండుకు గుచ్చి పెడుతున్నాను. నిన్న మధ్యాహ్నానికే పదీ అయిపోయాయి.