కాళ్ళ కింద ఎవరు, తాడు పట్టింది ఎవరు?

పోస్టు కొంచెం పెద్దగనే ఉంటది, ఓపికతో చదవండి. రామన్నపేట హాస్టల్‌ల ఒకే రూములో ఉండే నలుగురం మాట్లాడుకొని రాస్తున్నం. నలుగురం తండాల నుంచి వచ్చినోళ్ళమే. మా ఇండ్లల్ల కాలేజీ గడప తొక్కిన మొదటోళ్ళం మేమే.

పోయిన నెల హిస్టరీ క్లాసులో సార్ ప్రొజెక్టర్ మీద ఒక బొమ్మ చూపించిండ్రు. స్పెయిన్ దేశంల బార్తొలొమే బెర్మెహో అనే చిత్రకారుడు 1468లో తౌస్ అనే ఊరి చర్చి కోసం గీసిన బొమ్మ. ఇప్పుడు లండన్ నేషనల్ గ్యాలరీల ఉంది. మిఖాయేలు అనే ప్రధాన దేవదూత మెరిసే కవచం తొడుక్కొని, కత్తి పైకెత్తి నిలబడ్డడు. ఆయన కాళ్ళ కింద రెక్కలు, కోరలు ఉన్న సైతాను. బైబిల్‌ల ప్రకటన గ్రంథం 12వ అధ్యాయంల మిఖాయేలు ఘటసర్పంతో యుద్ధం చేసిన కథ ఉంది, అదే ఈ బొమ్మకు మూలం. పక్కన మోకాళ్ళ మీద ఆ ఊరి దొర. బొమ్మ గీయించింది ఆయనే.

సార్ ఇదంతా చెప్తుంటే వెనక బెంచీ నుంచి ఒకడు మెల్లగ అన్నడు: "ఆ కిందున్నోడు మన హాస్టలోడే రా." చుట్టూ నవ్విండ్రు. సార్‌కు వినపడలే. మాకు నలుగురికీ వినపడ్డది. ఎవ్వరం తల ఎత్తలే. రాత్రి మెస్సుల గూడ ఆ ముచ్చట తీయలే.

క్లాసు అయిపోయేటప్పుడు సార్ ప్రాజెక్టు ఇచ్చిండ్రు. దేవుళ్ళ కథ గీసిన ఇట్లాంటి పాత బొమ్మ మన దగ్గర ఏముందో చూసి రావాలె. అడిగితే పిల్లలమర్రి పేరు తెలిసింది. ఆదివారం పొద్దున్నే చిట్యాల పోయి, హైవే మీద నార్కట్‌పల్లి, నకిరేకల్ దాటి సూర్యాపేటల దిగినం. అక్కడి నుంచి ఆటో.

పిల్లలమర్రి గుళ్ళు కాకతీయుల కింద ఏలిన రేచర్ల రెడ్లు కట్టించినవి. నామిరెడ్డి 1202లో నామేశ్వరాలయం కట్టించిండు. ఎరకసానమ్మ 1208లో ఎరకేశ్వరాలయం కట్టించింది. నల్లరాతి స్తంభాలు అద్దం లెక్క మెరుస్తయి. కానీ మేము పోయింది నామేశ్వరాలయంల ఉన్న బొమ్మ కోసం. కాకతీయుల కాలపు రంగుల బొమ్మలు మిగిలింది చాలా తక్కువ, అండ్ల ఇదొకటి. క్షీరసాగర మథనం. రంగులు వెలిసిపోయినయి. కండ్లు చీకటికి అలవాటు పడేదాకా ఏం తెల్వలే. తర్వాత ఒక్కొక్క గీత కనపడ్డది. మధ్యల కొండ, దానికి పాము, రెండు దిక్కుల మనుషులు.

సముద్రాన్ని చిలకడానికి మందర పర్వతం కవ్వం, వాసుకి తాడు. మాకు మొదలు యాదికొచ్చింది మా యాడి. తెల్లారకముందే గుంజకు కవ్వం కట్టి, తాడు కుడి చేత్తో ఒకసారి, ఎడమ చేత్తో ఒకసారి గుంజుతది. ఒక్క చేత్తో గుంజితే వెన్న రాదు.

కథ అందరికీ తెల్సిందే గానీ ఒక ముక్క మేము అప్పటిదాకా పట్టించుకోలే. భాగవతం ప్రకారం మొదలు దేవతలు పాము తల దిక్కు పట్టుకున్నరు. అసురులు ఒప్పుకోలే. తోక పట్టుడు మాకు అవమానం, మేమూ చదువుకున్నోళ్ళమే, మంచి పుట్టుక పుట్టినోళ్ళమే అని పట్టు పట్టిండ్రు. సరే అని తల వాళ్ళకే ఇచ్చిండ్రు. ఇగ చిలుకుతుంటే వాసుకి నోట్ల నుంచి వచ్చిన విషపు పొగ, మంట అసురుల మీద పడ్డయి. హాలాహలం వస్తే శివుడు తాగిండు. శివుని గుళ్ళె ఈ కథ గీసుడు అందుకే సరిపోయిందనిపించింది. ఆఖరికి అమృతం వచ్చినంక మోహిని పంచింది. గుంజినోళ్ళల్ల సగం మందికి దక్కలే.

బయట మెట్ల మీద కూసొని లొల్లి పెట్టుకున్నం. మాలో ఒకడు, "అసురులంటే మనమే, కష్టం మనది, అమృతం వాళ్ళది" అన్నడు. ఇంకొకడు ఒప్పుకోలే. "వాడు మనల్ని సైతాను అన్నడు, నువ్వు అసురులం అంటున్నవు. వాడి జోకే ఖాయం చేస్తున్నవు గదా" అన్నడు. ఆ మాటకు అందరం కాసేపు గమ్మునున్నం.

తిరుగు బస్సుల ఒక్క సంగతి మీద కలిసినం. ఆ స్పెయిన్ బొమ్మల రెండే జాగలు: ఒకడు మీద, ఒకడు కింద. వెనక బెంచీ వాడు మమ్మల్ని కింద పెట్టుడు అందుకే అల్కగ అయింది. పిల్లలమర్రి బొమ్మల ఎవరి కాళ్ళ కిందా ఎవరూ లేరు. పామును గూడ చంపుతలేరు, దానితోనే పని చేస్తున్నరు. పంచేటప్పుడు అన్యాయం జరిగింది, అది నిజం. కానీ గుంజేటప్పుడు రెండు దిక్కుల మనుషులు నిలబడే ఉన్నరు. గీసినాయన ఆ ఘడియనే గోడకెక్కించిండు.

వచ్చే సోమవారం క్లాసుల ప్రాజెక్టు చెప్పాలె. రెండు బొమ్మలు పక్కపక్కన పెడ్తం. మాట్లాడేది మాలో అందరికంటే తక్కువ మాట్లాడేటోడు. వాడే అడిగి తీసుకున్నడు. మొదటి మాట గూడ రాసుకున్నడు: "ఆ రోజు ఒకరు అన్న మాట మాకు వినపడ్డది."

సూర్యాపేట దిక్కు హాస్టళ్ళల్ల ఉన్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఒక్కసారి పోయి చూడండి. బొమ్మను ముట్టకండి, ఫ్లాష్ కొట్టకండి, ఇప్పటికే చాలా పోయింది. ఇంకొకటి. మీ తండాల్ల, గూడేల్ల పెద్దోళ్ళు ఈ చిలికే కథను ఇంకో తీరుగ చెప్తరా? అమృతం ఎవరికి దక్కిందని చెప్తరు? అడిగి కింద రాయండి. సోమవారం లోపల వస్తే క్లాసుల అది గూడ చెప్తం.