నిమిషానికి ఎన్ని ఊపిర్లు?

మిర్చి కోతల కాలంలో భద్రాచలం వైపు ఏ క్యాజువాలిటీలో డ్యూటీ చేసినా, స్పృహ లేని మనిషి స్ట్రెచర్ మీద కనిపించగానే ఎవరి నోటైనా వచ్చే మొదటి మాట పురుగుమందు. రెప్ప ఎత్తి టార్చి వేసినప్పుడు కనుపాప సూదిమొనంత ఉంటే ఇక అనుమానమే ఉండదు. పత్తి, మిర్చి పండే జిల్లాలివి. మోనోక్రోటోఫాస్, క్లోర్‌పైరిఫాస్ డబ్బాలు ఇళ్లలోనే ఉంటాయి. ఆ విషానికి విరుగుడైన అట్రోపిన్ ఎప్పుడు పెంచాలో, ఎప్పుడు ఆపాలో ఇక్కడి సిస్టర్లకు కొత్త డాక్టర్ల కంటే బాగా తెలుసు. ఆ అనుభవం ఎన్నో ప్రాణాలు నిలిపింది. దాని చాటునే ఇంకో విషం మన కన్నుగప్పుతుంది.

నల్లమందు జాతి మందులు కూడా కనుపాపను అంతే చిన్నగా చేస్తాయి. మార్ఫిన్, కొడీన్, ట్రమడాల్, టపెంటడాల్, ఫెంటనిల్ ఆ కోవలోవే. నొప్పి తీసే ఈ మందులు మోతాదు మించితే, మెదడు అడుగు భాగంలో ఊపిరిని నడిపించే కేంద్రం మందగిస్తుంది. గుండె కొట్టుకుంటూనే ఉంటుంది, ఒళ్లు వెచ్చగానే ఉంటుంది. ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం మాత్రం పెరుగుతూ పోతుంది. ఇంట్లోవాళ్లు అలసిపోయి నిద్రపోతున్నాడనుకుంటారు.

భద్రాచలంలో మత్తు అనగానే అందరికీ గుర్తొచ్చేది గంజాయి. ఒడిశా మల్కనగిరి నుంచీ విశాఖ మన్యం నుంచీ వచ్చే సరుకు తనిఖీల్లో పట్టుబడిన వార్తలు పేపర్లలో చదువుతూనే ఉంటాం. గంజాయి మనసును చెడగొడుతుంది కానీ ఊపిరిని ఆపడం అరుదు. ఊపిరిని ఆపే మందు మా దగ్గరికి నొప్పి మాత్రగానో, విరేచనాల మాత్రగానో, క్యాన్సర్ రోగి ఛాతీ మీద పట్టీగానో వస్తుంది. మూడు కేసులు చెబుతాను. మనుషులను గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను.

మొదటి రోగి ఛత్తీస్‌గఢ్ నుంచి మిర్చి కోతకు వచ్చిన యువకుడు. దారిలో ఫిట్స్ వచ్చాయి. "చేన్ల మందు కొట్టిన్రు సారూ, అదే తాగిండేమో" అన్నాడు వెంట వచ్చిన ముఠా మేస్త్రి. కనుపాపలు చిన్నవే. కానీ పురుగుమందు తాగినవాళ్ల నోట కారే నురగ లేదు. ఒంటి మీద చెమట లేదు. కండరాలు అదరడం లేదు, మందు వాసన లేదు. నాలుక ఎండిపోయి ఉంది, ఊపిరితిత్తుల్లో గరగర లేదు. ఛాతీ మీద చెయ్యి పెట్టి గడియారం చూస్తే నిమిషానికి ఐదు ఊపిర్లు. పెద్దవాళ్లకు పన్నెండుకు తగ్గకూడదు.

ఇలాంటప్పుడు మొదట చేయాల్సింది సూది వేయడం కాదు. గడ్డం ఎత్తి, మాస్కు పెట్టి, అంబూ బ్యాగ్‌తో ఊపిరి అందించాలి. ఆ తర్వాతే నల్లమందు జాతి మందులకు విరుగుడైన నలాక్సోన్. అదీ కొద్దికొద్దిగా, ఊపిరి పుంజుకునేంతవరకే. రోజూ నల్లమందు జాతి మందుకు అలవాటుపడిన మనిషికి నలాక్సోన్ ఒక్కసారిగా ఎక్కిస్తే వాంతులు, వణుకు, తీవ్రమైన బాధ మొదలవుతాయి. అతను కళ్లు తెరిచాక కోయ మాట్లాడే సిస్టరు నెమ్మదిగా అడిగింది. రోజంతా వంగి కోయడంతో నడుం నొప్పి. ఎవరో ఇప్పించిన మాత్రలు మింగితే నొప్పి పోయింది, పనీ సాగింది. రెండు మాత్రలు నాలుగయ్యాయి. ఆ రాత్రి మీద ఇప్పసారా పడింది. ఊపిరిని తగ్గించడంలో మాత్రా సారా ఒకదానికొకటి తోడవుతాయి. అవి ట్రమడాల్ మాత్రలు. ఫిట్స్ తెప్పించే గుణం కూడా వాటికి ఉంది. 2018 ఏప్రిల్‌లో కేంద్రం ట్రమడాల్‌ను మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చింది. అయినా చీటీ లేకుండా అమ్మేవాళ్లున్నంత కాలం అది కూలీల చేతికి చేరుతూనే ఉంటుంది. అలవాటు మానలేకపోతున్నవాళ్లు 14446కు ఫోన్ చేయవచ్చు. అతన్ని పంపే ముందు ఆ నంబరు చీటీ మీద రాసిచ్చాం. నడుం నొప్పికి ఏం చేయాలో చెప్పడానికి అంతకంటే ఎక్కువసేపు కేటాయించాం. నొప్పి సంగతి వదిలేసి మాత్ర మానెయ్యమంటే ఎవరూ మానరు.

రెండో కేసు చర్ల అవతలి గుత్తికోయ గూడెం నుంచి వచ్చిన మూడేళ్ల పిల్లవాడు. విరేచనాలు ఆగడం లేదని పెద్దవాళ్లు వాడే మాత్రను విరిచి, పూటపూటకూ వేశారు. అది డైఫెనాక్సిలేట్. పేగుల కదలికను నెమ్మదింపజేసే ఆ మందు కూడా నల్లమందు జాతిదే. మాత్రను ఎవరూ దురుపయోగం చేయకూడదని అందులో కొంచెం అట్రోపిన్ కలుపుతారు. ఆ అట్రోపిన్ వల్ల పిల్లవాడి కనుపాపలు చిన్నబడలేదు, మొహం ఎర్రగా ఉంది. కన్ను చూసి ఇది నల్లమందు విషమని ఎవరూ పోల్చుకోలేరు. పట్టిచ్చింది ఊపిరే. ఆ వయసులో నిమిషానికి ఇరవైకి పైనే ఉండాల్సింది, ఎనిమిది ఉంది.

నలాక్సోన్‌తో పిల్లవాడు ఏడ్చాడు. తల్లి ఇక ఇంటికి పోతామంది. ఇక్కడే ప్రమాదమంతా ఉంది. నలాక్సోన్ పనిచేసేది అరగంట నుంచి గంటన్నర. మందగించిన పేగుల్లోంచి ఆ మాత్ర గంటల తరబడి రక్తంలోకి ఎక్కుతూనే ఉంటుంది. రెండు గంటలకు పిల్లవాడు మళ్లీ మత్తులోకి జారాడు, ఊపిరి మళ్లీ తగ్గింది. రాత్రంతా నలాక్సోన్ డ్రిప్ నడిచింది. ఇలాంటి పిల్లల్ని కనీసం ఒక రోజు కళ్ల ముందు ఉంచుకోవాలి. విరేచనాలు పట్టిన పిల్లలకు కావాల్సింది ఓఆర్ఎస్, 14 రోజులు జింక్. రెండూ ఆశ కార్యకర్త సంచిలో ఉంటాయి. పిల్లల కోసం డైఫెనాక్సిలేట్ ఉన్న మందులు తయారుచేసి అమ్మడాన్ని దేశంలో ఎప్పుడో నిషేధించారు. పెద్దల మాత్రను విరిచి వేస్తే ఆ నిషేధానికి అర్థం లేదు.

మూడో రోగి సింగరేణిలో రిటైరైన పెద్దాయన. క్యాన్సర్ ఎముకల్లోకి పాకింది. నొప్పికి ఫెంటనిల్ పట్టీ వాడుతున్నారు. మూడు రోజులకొకటి చర్మానికి అంటిస్తే మందు నెమ్మదిగా లోపలికి దిగుతుంది. కొత్తగూడెం ఎండలు 45 డిగ్రీలు దాటే రోజులు. ఛాతీ నొప్పి అంటున్నాడని కోడలు ప్రేమతో వేడినీళ్ల సంచి కాపడం పెట్టింది. పట్టీ సరిగ్గా దాని కిందే ఉంది. వేడి తగిలితే పట్టీలోంచి మందు మరింత వేగంగా దిగుతుంది. ఆస్పత్రికి తెచ్చేసరికి నిమిషానికి ఆరు ఊపిర్లు. ఆక్సిజన్ పెట్టి ఉండడంతో వేలి మీటరు 97 చూపిస్తోంది. లోపల బొగ్గుపులుసు వాయువు పేరుకుపోతున్న సంగతి ఆ మీటరు చెప్పదు.

పట్టీ తీసి, చర్మాన్ని చన్నీళ్లతో తుడిచాం. 0.4 మిల్లీగ్రాముల నలాక్సోన్ యాంప్యూల్‌ను సెలైన్‌తో పది మిల్లీలీటర్లు చేసి, ఒక్కో మిల్లీలీటరే ఇచ్చాం. ఎక్కువిస్తే విషంతోపాటు నొప్పికి ఉన్న ఒక్క అడ్డూ తొలగిపోతుంది. చర్మం కింద చేరిన మందు చాలాసేపు దిగుతూనే ఉంటుంది కాబట్టి మరునాటి దాకా కనిపెట్టి ఉన్నాం. ఆయన కోలుకున్నారు. "ఇక ఈ పట్టీలూ వద్దు, మార్ఫినూ వద్దు సార్. మా నాయన్ని మేమే చంపుకునేటోళ్లం" అన్నాడు కొడుకు. ఆ మాటకు మాత్రం నేను ఒప్పుకోలేదు. మోతాదు సరిచూసి మందు మళ్లీ మొదలుపెట్టించాను. పట్టీ మీద వేడి ఎందుకు పెట్టకూడదో చెప్పి, నిద్రలో ఊపిరి లెక్కపెట్టడం కోడలికి నేర్పి పంపాను.

దేశంలో మార్ఫిన్ కరువుకు పాత చరిత్ర ఉంది. ప్రభుత్వ లైసెన్సుతో నల్లమందు పండించే కొద్ది దేశాల్లో మనదొకటి. అయినా 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం పెట్టిన అనుమతుల చిక్కులకు జడిసి చాలా ఆస్పత్రులు మార్ఫిన్ ఉంచుకోవడమే మానేశాయి. 2014 సవరణ ఆ చిక్కులను సడలించింది. హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రిలో వేళ్లూనిన నొప్పి ఉపశమన వైద్యం జిల్లాలకు పాకుతోంది. ఇంటికే వచ్చి చూసే 'ఆలన' వాహనాలు మంచం పట్టినవాళ్లకు పెద్ద ఆసరా. విషానికి భయపడి ఈ దారి మూసుకుంటే క్యాన్సర్ రోగులు అరుస్తూ పోతారు. చీటీ లేని మాత్రలు మాత్రం అప్పుడు కూడా అమ్ముడవుతూనే ఉంటాయి.

నలాక్సోన్ కొత్త మందేం కాదు. అమెరికాలో 1971లోనే అనుమతి పొందింది. ముక్కులో కొట్టే స్ప్రేను 2023 నుంచి అక్కడ చీటీ లేకుండానే అమ్ముతున్నారు. మన అడవి అంచున ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, ప్రతి 108 బండిలో నాలుగైదు యాంప్యూల్స్ ఎప్పుడూ ఉండాలి. నరం దొరక్కపోతే కండకు వేసినా పనిచేస్తుంది. అంతకంటే ముందు ఊపిరి లెక్క ఊరూరా తెలియాలి. ఆశ కార్యకర్తలకు ఈ విద్య కొత్త కాదు. నిమోనియా పట్టిన పసిపిల్లల ఊపిరి ఎంత వేగంగా ఉందో వాళ్లు ఇప్పటికే లెక్కపెడుతున్నారు. నెమ్మదించిన ఊపిరిని కూడా లెక్కపెట్టడం నేర్పితే చాలు. పిలిచినా గిల్లినా లేవకపోయినా, గురక వింతగా ఉన్నా, పెదాలు నీలిరంగుకు తిరిగినా పూర్తి నిమిషం ఛాతీ చూడండి. పెద్దవాళ్లలో పదికి తగ్గితే 108కు ఫోన్ చేయండి, పక్కకు తిప్పి పడుకోబెట్టండి, మింగిన మాత్రల అట్టను వెంట తీసుకురండి. మార్ఫిన్ ఇచ్చే ప్రతి ఇంటికీ ఈ లెక్క కూడా నేర్పి పంపాల్సిన బాధ్యత మా డాక్టర్లది. రెండూ అందిన ఇంట్లో రోగికి నొప్పి తగ్గుతుంది, ప్రాణానికీ కాపు ఉంటుంది.